గోదావరి డెల్టాలో గూడులేని వారి కళలు

ఇల్లు లేనివారితో, ఇల్లు పోగొట్టుకున్నవారితో కలిసి నాటకం, పాట, చిత్రలేఖనం నడిపే సంస్థలు గత నలభై ఏళ్లలో లండన్, లాస్ ఏంజెలెస్, మెల్‌బోర్న్ వంటి నగరాల్లో వెలిశాయి. ఇప్పుడది ఒక ప్రత్యేక రంగం. గోదావరి డెల్టాలో ఈ కథ వేరే దారిన నడిచింది. నిలువనీడ లేనివారికి ఎవరో వచ్చి కళ నేర్పడం ఇక్కడ కొత్త. నిలువనీడ లేనివారే ఊరికి కళ తెచ్చిపెట్టడం చాలా పాతది. తోలుబొమ్మలాట, గంగిరెద్దుల ఆట, జంగం కథ, పగటివేషాలు, బుడబుక్కలవాడి తెల్లవారుజాము పలుకు, ఇలా డెల్టా పల్లెలు తమవని చెప్పుకునే కళల్లో చాలా భాగం ఊరి చివర చింతచెట్టు కింద గుడారం వేసుకుని దిగినవారివి. ఆ కళలను మెచ్చుకున్నంత శ్రద్ధగా ఆ గుడారాల సంగతి ఈ ప్రాంతం పట్టించుకోలేదు. ఇక్కడి చరిత్ర చూస్తే మొదట తేలే విషయం ఇదే.

తిరుగుడు బతుకు, ఇల్లు లేని బతుకు

ఈ రెండూ ఒకటి కావు. సంచార కళాకారుడికి ఒక చుట్టు ఉండేది. ఏ నెలలో ఏ ఊళ్లో దిగాలో, ఏ ఇంటి ముందు మొదట ఆడాలో, ఎవరి దగ్గర ఎంత గింజ రావాలో కట్టుబాటు ఉండేది. తండ్రి తిరిగిన ఊళ్లు కొడుకులకు పంపకాల్లో వచ్చేవి. వానాకాలం నాలుగు నెలలు ఒకచోట నిలిచి, బొమ్మలు బాగు చేసుకుని, పెళ్లిళ్లు చేసుకుని, మళ్లీ బండి కట్టేవారు. ఇలాంటి మనిషిని నిరాశ్రయుడు అనడం సరికాదు. ఆ చుట్టు తెగిపోయి, ఊరు గింజ పెట్టడం మానేసి, దిగే చోటు పరుల స్థలమైపోయాక మాత్రం అతను నిజంగానే నిరాశ్రయుడయ్యాడు.

జనాభా లెక్కలవారికి ఈ తేడాతో పనిలేదు. ఇల్లు అనదగిన కట్టడంలో కాక రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ మీద, గుడి మండపంలో, రైల్వే ప్లాట్‌ఫారం మీద, వంతెన కింద ఉండేవారందరినీ వారు ఇల్లులేని జనాభాగా రాసుకుంటారు. 2011 లెక్కల్లో దేశం మొత్తం మీద అలాంటివారు 17 లక్షల 70 వేల పైచిలుకు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు లక్షా 45 వేలు. ఒక్క రాత్రి తిరిగి లెక్కపెట్టే పద్ధతిలో చాలామంది లెక్కకు అందరు. ఊరి బయట గుడారం వేసి మరునాడు కదిలిపోయేవారు అందరికన్నా ముందు తప్పిపోతారు.

రాజమహేంద్రవరంలో ఈ మనుషులు ఎక్కడ ఉంటారో వెతకనక్కర్లేదు. పుష్కర ఘాట్, కోటిలింగాల రేవు, రైల్వే స్టేషను, బస్టాండు, గుళ్ల ముందరి వసారాలు. పిల్లలు వదిలేసిన ముసలివాళ్లు, పనికోసం వచ్చి పని దొరకని కూలీలు, మతి చలించి దారి తప్పినవారు, తీర్థాల వెంట తిరిగే సాధువులు, చిడతలు పట్టుకుని పాడేవారు అక్కడ కలిసే పడుకుంటారు. వారిలో తత్వాలు కంఠతా వచ్చినవారు, ఏకతార మీటగలవారు, ఒకప్పుడు నాటకాల్లో వేషం కట్టినవారు ఉంటారు. దారిన పోయేవారి కంటికి మాత్రం అందరూ బిచ్చగాళ్లే.

కళ్లంలో వాటా

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో డెల్టా వరికి పుట్టిల్లయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు ప్రతి ఊళ్లో విగ్రహంగా నిలిచింది. ఆ వరి సంచార కళలకు కూడా ప్రాణం పోసిన సంగతి అంతగా చెప్పుకోరు. సార్వా కోతలై, కుప్పలు నూర్చి, కళ్లంలో ధాన్యం రాశి పడే రోజులకు గంగిరెద్దులవారు, జంగాలు, బుడబుక్కలవారు, కొమ్మదాసర్లు, పగటివేషగాళ్లు డెల్టాకు దిగేవారు. ధనుర్మాసం, సంక్రాంతి ఆ రోజుల్లోనే రావడం వారికి కలిసొచ్చింది. రైతు రాశి కొలిచేటప్పుడు చాకలికి, మంగలికి, కుమ్మరికి పోసినట్టే ఆటగాడికీ చేటలో పోసేవాడు. అది బిచ్చం కింద లెక్క కాదు. ఆటగాడికి దాన్ని అడిగే హక్కు ఉంది.

తెలుగునాట చాలా కళాకార కులాలకు ఇలాంటి హక్కు ఒక్కో పోషక కులం దగ్గర స్థిరపడింది. పిచ్చుకగుంట్లవారు రైతు కులాల వంశ గోత్రాలు చెప్పేవారు. సాధనాశూరులు పద్మశాలీల దగ్గర, వీరముష్టివారు కోమట్ల దగ్గర, రుంజవారు విశ్వబ్రాహ్మణుల దగ్గర, చిందువారు, డక్కలివారు మాదిగల దగ్గర ఆడి పాడి పుచ్చుకునేవారు. ఈ ఏర్పాటును మరీ అందంగా ఊహించుకోనక్కర్లేదు. అందులో కులం ఉంది, తక్కువచూపు ఉంది. ఊరి బావి దగ్గరకు రానివ్వని ఆటగాడి చేతే ఊరు రామాయణం చూసింది. అయినా అందులో ఒక వాటా ఉంది, ఆ వాటా మీద బతుకు నడిచింది.

ఆ వాటా పోయిన తీరు చాలా మామూలుగా ఉంటుంది. కోత యంత్రం వచ్చాక కళ్లం లేదు. గట్టు మీదే ధాన్యం బస్తాల్లోకి ఎక్కి మిల్లుకో కొనుగోలు కేంద్రానికో పోతుంది, డబ్బు రైతు బ్యాంకు ఖాతాలో పడుతుంది. భూమి గలవారు భీమవరంలోనో హైదరాబాదులోనో ఉంటారు. సాగు చేసే కౌలు రైతుకు తన తిండికే కష్టం. చేట పట్టుకుని వచ్చిన ఆటగాడికి పోయడానికి ఎవరి ముందూ రాశి లేదు. ఆపైన సినిమా, టీవీ వచ్చి రాత్రి ఆటకు కూర్చునే జనాన్ని లోపలికి పిలుచుకున్నాయి. కళ పాతబడిపోయిందని అనేవారు ముందు ఈ గింజ లెక్క చూడాలి.

తోలుబొమ్మలవారు, సురభివారు

ఈ చరిత్రంతా ఒక్కచోట కనిపించాలంటే తోలుబొమ్మలాట కుటుంబాలను చూడాలి. 13వ శతాబ్దిలో పాల్కురికి సోమన ‘పండితారాధ్య చరిత్ర’ నాటికే బొమ్మలాటలు తెలుగు నేల మీద ఉన్నాయి. తరువాతి కాలంలో మరాఠీ మూలాలున్న కుటుంబాలు ఈ విద్యను చేపట్టి ఆంధ్రదేశమంతా పరుచుకున్నాయి. ఇంట్లో ఆరె మరాఠీ మాట, తెర మీద తెలుగు పద్యం. డెల్టాలో వీరు స్థిరపడిన ఊళ్లలో కాకినాడకు దగ్గరలోని మాధవపట్నం పేరున్నది.

తెలుగు తోలుబొమ్మలు దేశంలోని నీడబొమ్మల్లో చాలా పెద్దవి. రాముడు, రావణుడు అయిదారు అడుగుల దాకా ఉంటారు. మేకతోలును కాంతి పారేంత పల్చగా గీకి, ఆరబెట్టి, ఉలులతో నగలూ అంచులూ చిల్లులు పొడిచి, రంగులద్ది, చేతులు, మోచేతులు, తల విడివిడిగా కదిలేలా దారంతో కీళ్లు కడతారు. పూర్వం గొప్ప పాత్రలకు జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అది ఆగింది. తెల్ల పంచెల తెర వెనక ఒకప్పుడు ఆముదం దీపాలు, ఇప్పుడు కరెంటు బల్బులు. ఆడించేవాడే పద్యం పాడతాడు, మాట్లాడతాడు, కాళ్ల కింది చెక్కలు తొక్కి యుద్ధం చప్పుళ్లు పుట్టిస్తాడు. ఇంటి ఆడవాళ్లు హార్మోనియం దగ్గరా, సీత, మండోదరి గొంతుల్లోనూ ఉంటారు. జుట్టు పోలిగాడు, బంగారక్క, కేతిగాడు మధ్యలో దూరి నిద్రపోయేవారిని లేపుతారు. కథకు రంగనాథ రామాయణం, భారతం ఆధారం. ఒక్కో కథ రాత్రంతా సాగేది, కొన్ని వరుసగా రోజుల తరబడి సాగేవి.

ఈ విద్యలో ఇల్లంతా ఒక సమాజం. బొమ్మల పెట్టె, వంట సామాను, పిల్లలు ఒకే బండి మీద కదిలేవారు. పెట్టెను దేవుడిలా చూసుకునేవారు. గుడిసె కారినా పెట్టె తడవకూడదు. ఇంత పని వచ్చిన మనిషికి నిన్న మొన్నటిదాకా రేషను కార్డుకు రాయించడానికి ఒక చిరునామా లేకపోవడం ఈ ప్రాంతానికి గౌరవం కాదు. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అనంతపురం వైపు నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. నిమ్మలకుంటవారు ఆట తగ్గాక దీపాల గొట్టాలు, గోడ బొమ్మలు చేసి అమ్మకంతో నిలబడ్డారు. స్థిరమైన ఇల్లు, పని చేసుకునే వసారా, కొనేవారు ఉంటే ఈ విద్య నిలుస్తుందని అక్కడ తేలింది. అయితే దీపపు గొట్టం మీద రాముడు కదలడు. ఆటను కూడా నిలబెట్టుకోవాలంటే ఆడించేవారికి ఆట మీద జీతం ఉండాలి.

ఈ బొమ్మలాటవారి నుంచే ఒక కొమ్మ మనుషుల నాటకం వైపు మళ్లింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా వనారస గోవిందరావు బృందం ‘కీచకవధ’ ఆడింది. అలా పుట్టిన సురభి నాటక సమాజాలు కుటుంబాలుగా పెరిగి, డేరాలు వేసుకుని, నెలల తరబడి ఒక్కో పట్నంలో మకాం వేసి ఆడేవి. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభివారు తమ ఇంటి స్త్రీలనే రంగం మీదకు తెచ్చారు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు వారి నాటకమే ఆధారం, అందులో కథానాయిక సురభి కమలాబాయి. ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’ నాటకాల్లో మంటలు, వాన, ఆకాశంలో ఎగిరే పాత్రలు చూసి పెరిగిన తరాలు కోస్తా పట్నాలన్నిటిలోనూ ఉన్నాయి.

సురభివారి బతుకు రంగం వెనకే. తడికల గదుల్లో వంట, అక్కడే పురుడు, అక్కడే పిల్లల చదువు. మకాం మారితే బడి మారేది, చాలామందికి బడే ఆగేది. ఒకప్పుడు పదుల్లో ఉన్న సమాజాలు ఇప్పుడు ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. హైదరాబాదు దగ్గర లింగంపల్లిలో వారికి సురభి కాలనీ ఏర్పడడం తెలుగునాట తిరుగుడు కళాకారులకు స్థిర నివాసం దొరికిన మంచి ఉదాహరణ. 1990ల్లో రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ వారితో కలిసి పనిచేసి కొత్త నాటకాలు కట్టించారు. 1937లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు, అందరూ బాబ్జీ అని పిలిచే పెద్దమనిషి, 2013లో పద్మశ్రీ అందుకున్నారు. 2022లో కన్నుమూశారు. కాలనీ రావడం వల్ల పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాల్లో కుదిరారు, కొందరు సాయంత్రం వేషం కూడా కడుతున్నారు. ఇల్లు ఇస్తే కళ వదిలేస్తారన్న భయానికి ఇంతకన్నా మంచి జవాబు అక్కర్లేదు. మాధవపట్నం బొమ్మలాటవారికి, సురభివారికి విద్య ఒక్క చెట్టుదే. ఒకరికి రాజధాని అంచున కాలనీ దక్కితే, రెండోవారు డెల్టా పల్లెల్లో పిలుపుకోసం ఎదురుచూస్తూ మిగిలారు.

ఆట వేదికెక్కింది, ఆటగాడు ఎక్కలేదు

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి జంగం కథను, తంబుర కథను తీసుకుని బుర్రకథగా తీర్చింది. గుంటూరు వైపు షేక్ నాజర్ గొంతులో అది జాతీయోద్యమ, రైతు పోరాటాల కథ అయింది. ఆ మండలికి నాయకత్వం వహించిన డాక్టర్ గరికపాటి రాజారావు రాజమహేంద్రవరంలో పుట్టినవారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ నాటకం ఆ రోజుల్లో ఊళ్లను ఊపింది. తరువాత కుటుంబ నియంత్రణ, పొదుపు, అక్షరాస్యత అంటూ ప్రభుత్వ శాఖలు కూడా బుర్రకథను వాడుకున్నాయి. ఆ మండలి కళాకారుడే అయిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ అనే పెద్ద గ్రంథంలో ఈ విద్యలన్నిటినీ నమోదు చేశారు. తెలుగు విశ్వవిద్యాలయం దాన్ని 1992లో అచ్చు వేసింది. ఇదంతా విలువైన పని. అయినా ఒక మాట చెప్పక తప్పదు. రూపం వేదికెక్కింది, పుస్తకమెక్కింది, సినిమాకెక్కింది. దాన్ని తరాలపాటు మోసిన జంగం కుటుంబం గుడారంలోనే ఉండిపోయింది.

చట్టం చూపులో ఆటగాడు

1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. స్థిరమైన ఊరు లేకపోవడమే అనుమానానికి చాలిన కారణమైంది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఎరుకలవారిని సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఉంచి, హాజరు పట్టీలు పెట్టి, పని నేర్పారు. ఇల్లు లేనివారికి బస, పని చూపిన ఒక పెద్ద ఏర్పాటు తెలుగునాట ఇలా కాపలా కింద మొదలైంది. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ జాతుల పేర్లు నేర జాబితా నుంచి తొలగాయి. అనుమానం అంత తేలిగ్గా తొలగలేదు.

రెండో దెబ్బ బిచ్చగాళ్ల చట్టాలది. 1959 నాటి బొంబాయి చట్టం పాడడం, ఆడడం, జోస్యం చెప్పడం, గారడీ చేయడం కూడా బిచ్చమెత్తడమేనని రాసింది. 1977లో ఆంధ్రప్రదేశ్ కూడా యాచక నివారణకు చట్టం చేసుకుంది. ఢిల్లీ హైకోర్టు 2018 ఆగస్టులో ఆ బొంబాయి చట్టంలోని ప్రధాన సెక్షన్లను ఢిల్లీకి వర్తించే మేరకు కొట్టేసింది. పొట్టకోసం చెయ్యిచాచడాన్ని నేరం అనలేమని చెప్పింది. ఘాట్ మీద తత్వం పాడే ముసలాయనను పోలీసు లేపి పంపేటప్పుడు అతను గాయకుడా యాచకుడా అన్న ప్రశ్నకు మన చట్టాలు ఇచ్చిన జవాబు గాయకుడికి అన్యాయం చేసింది. పాములవారి సంగతి ఇంకో రకం. వన్యప్రాణి చట్టం పామును కాపాడింది, అది సరైనదే. పామాడించే మనిషికి బదులు బతుకు చూపడం మాత్రం మరిచింది.

సంచార జాతుల మీద రేణ్కే కమిషన్ 2008లో, తరువాత ఇదాతే కమిషన్ నివేదికలు ఇచ్చాయి. ఇల్లు, భూమి, గుర్తింపు పత్రాలు లేకపోవడమే వీరి కష్టాలకు మూలమని రెండూ చెప్పాయి. 2022 ఫిబ్రవరిలో కేంద్రం సీడ్ పేరుతో అయిదేళ్లకు 200 కోట్ల పథకం ప్రకటించింది. చదువు, ఆరోగ్య బీమా, జీవనోపాధి, ఇల్లు అందులో ఉన్నాయి. దేశంలోని సంచార జనం ఎంతమందో తలుచుకుంటే ఈ మొత్తం చాలా చిన్నది.

కపిలేశ్వరపురం బడి, నరసాపురం లేసు

డెల్టాలో కళను ఆశ్రయంతో ముడిపెట్టిన ప్రయత్నాల్లో ఎక్కువగా చెప్పుకోదగింది కపిలేశ్వరపురం సర్వారాయ హరికథా పాఠశాల. కపిలేశ్వరపురం జమీందారు ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావు 1970ల్లో దీన్ని నెలకొల్పారు. పేద ఇళ్ల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, బస, భోజనం, విద్య ఉచితం. గురుకులంలోనే ఉండి సంగీతం, సంస్కృతం, కథ చెప్పే తీరు, నర్తనం నేర్చుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు తీర్చిన హరికథ చాలాకాలం మగవారి సొత్తు. ఈ బడి నుంచి వచ్చిన భాగవతారిణులు కాళ్లకు గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, ఊరూరా ఉత్సవాల్లో కథ చెప్పి పారితోషికం పుచ్చుకుంటున్నారు. తలదాచుకునే చోటు, నేర్పే గురువు, నేర్చాక సంపాదన, ఈ మూడూ ఒకేచోట కుదిరాయి గనుకనే ఆ పని నిలిచింది. కళా కార్యక్రమం అంటే వారం రోజుల శిబిరం, ఆఖరి రోజు సన్మానం అనుకునేవారు ఒకసారి ఆ ఊరు వెళ్లి రావాలి.

నరసాపురం లేసుది మరో పాఠం. 19వ శతాబ్ది మధ్యలో స్కాటిష్ మిషనరీలు ఈ అల్లికను గోదావరి తీరానికి తెచ్చి, పేద స్త్రీలకు సంపాదన మార్గంగా నేర్పారు. కరువు రోజుల్లో అది చాలా ఇళ్లకు ఆసరా అయింది. 2024లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. పరిశోధకురాలు మరియా మీస్ 1982లో వెలువరించిన పుస్తకం ఈ పని లోపలి సంగతి చూపింది. అల్లేవారిని కార్మికులుగా కాక తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టడం వల్ల కూలి అట్టడుగున ఉండిపోయిందని, లాభం ఎగుమతిదారులకు చేరిందని ఆమె చెప్పారు. నేర్పడంతో పని అయిపోదు, ధర దగ్గర నిలబడకపోతే కళ పేదరికాన్ని అలాగే కొనసాగిస్తుంది.

ఏరు తీసుకున్న ఇళ్లు

డెల్టాలో ఇల్లు పోవడమంటే చాలామందికి మొదట గుర్తొచ్చేది ఏరు, సముద్రం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైన వరద వచ్చింది. 2022 జులైలో మళ్లీ 25 లక్షలు దాటింది. ప్రతి పెద్ద వరదకూ లంక ఊళ్లవారు పశువులతో సహా ఏటిగట్టు మీదకు చేరి టార్పాలిన్ల కింద గడుపుతారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది, కొబ్బరి తోటలను, లక్షల ఇళ్లను పడగొట్టింది. ఉప్పాడ దగ్గర సముద్రం ఏటా ఇళ్లు కోసుకుపోతూనే ఉంది. ఇలాంటి రోజుల్లో ఆసరాగా నిలిచినవాటిలో రామకోవెల భజన, కోలాటం, చెక్కభజన ఉన్నాయి. ఏ సంస్థా వచ్చి నేర్పనక్కర్లేకుండా ఊరికి ఉన్న కళా సంఘం అదే. కొత్త కాలనీలు కట్టేవారు ఇళ్ల వరుసలు గీస్తారు గాని, ఆ సంఘం కూర్చునే అరుగు గీయడం మరుస్తారు.

ఆ మరుపు ఎంత ఖరీదైందో పోలవరం నిర్వాసితుల దగ్గర కనిపిస్తుంది. లక్షకు పైగా కుటుంబాలను కదిలించే ఈ ప్రాజెక్టులో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. డెల్టా పొలాలకు నీరు ఇచ్చే పని కాబట్టి డెల్టావారికి ఈ బాధ్యత ఉంది. కోయల కొమ్ము నృత్యంలో మగవారు కొమ్ముల తలపాగాలతో పెద్ద డోళ్లు కొడుతూ ఆడతారు, ఆడవారు చేతులు పట్టుకుని రేలా పాటతో వలయం తిరుగుతారు. అది భూమి పండగకు, మామిడి కొత్తకు, ఊరి దేవత చెట్టుకు కట్టుబడిన ఆట. జంగారెడ్డిగూడెం వైపు తాడువాయి వంటి పునరావాస కాలనీలో పక్కా ఇల్లు, కరెంటు, రోడ్డు ఉండవచ్చు. విత్తనం పట్టుకుని మొక్కే చెట్టు నీటి కింద పోయాక ఆట గణతంత్ర దినోత్సవ ఊరేగింపుకు పిలిచినప్పుడు ఆడేదిగా మిగులుతుంది. ఇల్లిచ్చాం గనుక వీరు నిరాశ్రయులు కారని కాగితం చెబుతుంది. వారిని అడిగితే వేరే మాట చెబుతారు.

బయటి అనుభవాలు

ఇతర చోట్ల జరిగినవాటిలో ఇక్కడికి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. లాస్ ఏంజెలెస్ స్కిడ్ రోలో జాన్ మాల్పీడ్ 1985లో వీధి మనుషులతో నాటక బృందం కట్టాడు. లండన్‌లో 1991లో మొదలైన కార్డ్‌బోర్డ్ సిటిజన్స్ ఇల్లులేని అనుభవం ఉన్నవారినే నటులుగా తీసుకుని, బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోల్ పద్ధతిలో ప్రేక్షకులు లేచి వచ్చి కథ మార్చే నాటకాలు ఆడింది. మెల్‌బోర్న్‌లో 2006లో ఏర్పడిన వీధి మనుషుల గాయక బృందం పెద్ద సభల్లో పాడింది.

మన దేశంలో మీరా నాయర్ ‘సలాం బాంబే’లో నటించిన వీధి పిల్లల అనుభవం నుంచి 1988లో ఢిల్లీలో సలాం బాలక్ ట్రస్టు పుట్టింది. డెల్టాకు అందరికన్నా దగ్గరి పాఠం అహ్మదాబాద్ ఛారానగర్‌ది. నేరస్థ జాతి అన్న ముద్ర మోసిన ఛారాలు, పశ్చిమ బెంగాల్‌లో పోలీసు కస్టడీలో చనిపోయిన బుధన్ శబర్ కథతో 1998లో నాటకం కట్టి, బుధన్ థియేటర్‌గా ఎదిగారు. మహాశ్వేతాదేవి, గణేశ్ దేవి వారికి అండగా నిలిచారు. ఛారా పిల్లలు తమ ఇంటి సంగతినే నాటకంగా పోలీసుల ముందు ఆడారు. స్టువర్టుపురం పేరును సినిమాలవారు దొంగల ఊరిగా వాడుకున్న తెలుగునేల మీద అలాంటి నాటకం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

హెచ్చరిక కూడా ఒకటుంది. ఢిల్లీ కఠ్‌పుత్లీ కాలనీలో 1970ల నుంచి బొమ్మలాటవారు, గారడీవారు, డోలు వాయిద్యకారులు ఉండేవారు. అక్కడే పక్కా ఇళ్లు కట్టిస్తామంటూ 2017లో ఆ ఇళ్లను కూల్చి, చాలామందిని తాత్కాలిక శిబిరాలకు పంపారు. కాలనీ అంటే వారికి కలిసి సాధన చేసే చోటు, పని దొరికే చిరునామా కూడా. వేరువేరు అంతస్తుల ఫ్లాట్లలో పన్నెండడుగుల బొమ్మ నిలబెట్టే జాగా ఉండదు.

ఆశ్రయ కేంద్రం ఎలా ఉండాలి

2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తరువాత, 2013 నుంచి జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద పట్టణ నిరాశ్రయుల ఆశ్రయ పథకం వచ్చింది. లక్ష జనాభాకు కనీసం వందమందికి సరిపడే కేంద్రం, మనిషికి 50 చదరపు అడుగులు, ఏడాది పొడవునా ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండడం దాని కొలతలు. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ఈ పని చూస్తుంది. 2011 నాటికే మూడు లక్షల 40 వేలు దాటిన రాజమహేంద్రవరానికి ఈ లెక్కన కనీసం మూడు కేంద్రాలు కావాలి. పుష్కరాల తాకిడి ఉండే రేవుల ఊరు గనుక అవి కూడా చాలవు.

అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ పుట్టి నడిచిన ఈ గడ్డ మీద ఆకలితో వచ్చినవారికి ఒక ముద్ద దొరకడం కష్టం కాదు. పడుకోవడానికి చోటు, ఆ చోట మనిషిగా మాట్లాడేవారు దొరకడం కష్టం. కళ పనికొచ్చేది అక్కడే. ఆశ్రయ కేంద్రంలో ఒక హార్మోనియం, రెండు డోలకులు, నాలుగు చిడతలు, సాయంత్రం కూర్చునే హాలు పెద్ద ఖర్చు కాదు. ఎవరికి ఏమి వచ్చో అడిగితే పద్యం వచ్చినవారు, కోలాటం వచ్చినవారు, బొమ్మ గీయగలవారు తేలతారు. వచ్చినవారు రానివారికి నేర్పుతారు. నేర్పినందుకు వారికి డబ్బు ఇవ్వాలి. ఓపిక లేనివారిని బలవంతంగా పాడించకూడదు. కష్టం చెప్పించి ఫొటోలు తీసి పంచకూడదు. మందు, వైద్యం, పింఛను, ఆధార్ కార్డు పని ముందు నడవాలి. వాటి బదులుగా నాటకం పెట్టడం మోసం.

2027లో గోదావరి పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. ఘాట్లు కడుతున్నప్పుడే ఒక నిర్ణయం జరగాలి. పండగ రోజుల్లో ఘాట్ల దగ్గర పాడేవారిని, ఆడేవారిని దూరంగా తరమకుండా పేర్లు రాసుకుని, గుర్తింపు కార్డు, బస, రోజుకింత పారితోషికం ఇచ్చి, రేవుకో వేదిక చొప్పున కేటాయించాలి. మాధవపట్నం తోలుబొమ్మలకు, కపిలేశ్వరపురం హరికథకు, గంగిరెద్దులవారికి, జంగాలకు, పోలవరం నిర్వాసితుల రేలా పాటకు ఆ పన్నెండు రాత్రులూ చాలినంత జనం ఉంటుంది. పుష్కరాలు ముగిసిన మరునాడు వారి పేర్లున్న అదే జాబితా ఇళ్ల పట్టాల అధికారి బల్ల మీదకు చేరాలి. జిల్లా యంత్రాంగం, నగరపాలక సంస్థ, సాంస్కృతిక శాఖ ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి. అవి మొదలుపెట్టేదాకా డెల్టా రచయితలు, ఉపాధ్యాయులు, రంగస్థల మిత్రులు తమ ఊరి చివర దిగిన గుడారం దగ్గరకు వెళ్లి, అక్కడివారి పేర్లు, విద్యలు, అవసరాలు రాయడం మొదలుపెట్టవచ్చు.